సీఈఓ ట్వీట్ చేస్తే టీమ్‌కి ఏమవుతుంది? సోషల్ మీడియా మార్చేసిన లీడర్‌షిప్

ఈరోజు ఒక ప్రశ్నతో మొదలెడదాం. మీ కంపెనీలో ఏదో పెద్ద నిర్ణయం జరిగింది అనుకోండి. ఆ విషయం మీకు ముందు ఎలా తెలుస్తుంది? మేనేజర్ పిలిచి చెప్తాడా? మెయిల్ వస్తుందా? లేకపోతే వేరే కంపెనీలో పనిచేసే మీ ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపించి "ఏంట్రా, ఇది నిజమేనా?" అని అడుగుతాడా?

మూడోదే అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే. ఇంకా మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు కూడా వినండి, ఎందుకంటే మీరు చేరబోయేది ఇలాంటి ఆఫీసుల్లోనే. ముందే ఒక మాట: లింక్డ్‌ఇన్‌లో పర్సనల్ బ్రాండ్ ఎలా పెంచుకోవాలి, 10 టిప్స్, అలాంటివి ఇందులో ఉండవు. వాటికి వేరే ఛానెల్స్ చాలా ఉన్నాయి. సోషల్ మీడియా వచ్చాక కంపెనీ నడిపేవాళ్ళు ఎవరి వైపు తిరిగి మాట్లాడుతున్నారు, దానివల్ల కింద పనిచేసేవాళ్ళకి ఏమవుతోంది అనేది మన టాపిక్.

సరే, 2021 అక్టోబర్‌కి వెళ్దాం. తమిళనాడులో ఒక కస్టమర్ జొమాటోలో ఆర్డర్ పెట్టాడు. ఒక ఐటమ్ రాలేదు. రీఫండ్ కోసం యాప్ చాట్‌లో అడిగాడు. మధ్యలో భాష ఇబ్బంది వచ్చింది. కస్టమర్ కేర్‌లో ఉన్న వ్యక్తి, హిందీ మన జాతీయ భాష కదా, అందరికీ కొంచెమైనా తెలిసి ఉండాలి అన్నట్టు జవాబు ఇచ్చారు. రాజ్యాంగంలో హిందీ కేంద్ర ప్రభుత్వ అధికార భాషే తప్ప జాతీయ భాష అని ఎక్కడా లేదు. అది వేరే చర్చ, ఇప్పుడొద్దు.

ఆ కస్టమర్ స్క్రీన్‌షాట్లు ట్విట్టర్‌లో పెట్టాడు. అప్పటికి దాని పేరు ట్విట్టరే. గంటల్లో జొమాటోని తిరస్కరించండి అని హ్యాష్‌ట్యాగ్ ట్రెండింగ్. కంపెనీ తమిళంలోనూ ఇంగ్లీషులోనూ క్షమాపణ పెట్టింది. ఆ ఏజెంట్‌ని ఉద్యోగంలోంచి తీసేశాం అని కూడా అందులోనే చెప్పింది. అదే రోజు ఇంకాసేపటికి ఫౌండర్ దీపిందర్ గోయల్ స్వయంగా ట్వీట్ చేశాడు: ఆ ఏజెంట్‌ని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటున్నాం, ఈ ఒక్క తప్పుకి ఉద్యోగం పోవాల్సింది కాదు, కాల్ సెంటర్‌లో ఉండేది ఇంకా నేర్చుకుంటున్న కుర్రవాళ్ళే అని.

ఇప్పుడు కాసేపు కంపెనీని వదిలేసి ఆ ఏజెంట్ కుర్చీలో కూర్చోండి. పొద్దున షిఫ్ట్‌కి వచ్చారు. ఒక చాట్‌లో ఒక తప్పు మాట రాశారు. కాసేపటికి దేశమంతా ఆ మాట మీద కొట్టుకుంటోంది. ఉద్యోగం పోయింది. సాయంత్రానికి తిరిగి వచ్చింది. పోయిన సంగతీ వచ్చిన సంగతీ రెండూ లక్షల మంది చదివే చోట ప్రకటించారు. మధ్యలో టీమ్ లీడ్ ఏమయ్యాడు? హెచ్ఆర్ ఎక్కడ? ఎంక్వైరీ, వార్నింగ్ లెటర్, ట్రైనింగ్ అనే మెట్లు ఉంటాయి కదా, అవన్నీ ఏమయ్యాయి? ఆ రోజు బయట నుంచి చూసినవాళ్ళకి అవేవీ కనబడలేదు. కనబడింది రెండే: ట్రెండింగ్ హ్యాష్‌ట్యాగ్, ఫౌండర్ ట్వీట్.

గోయల్ చేసింది మంచి పనే, నేను కాదనను. ఒక చిన్న ఉద్యోగి తరఫున ఫౌండర్ నిలబడటం మామూలు విషయం కాదు. కానీ ఆ కథలో ఎవరూ పెద్దగా మాట్లాడని ముక్క ఇంకోటి ఉంది. తమిళంలో మాట్లాడాలనుకున్న కస్టమర్ చాట్‌ని తమిళం రాని ఏజెంట్‌కి పంపించింది ఎవరు? సిస్టమ్. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బగ్ ఏజెంట్‌లో లేదు, రౌటింగ్‌లో ఉంది. కోయంబత్తూరులో తమిళ సపోర్ట్ సెంటర్ పెడుతున్నాం, యాప్ తమిళ వెర్షన్ తయారవుతోంది అని ఆ క్షమాపణలోనే ఉంది. అసలు రిపేర్ అదీ. ట్రెండ్ అయింది మాత్రం ఏజెంట్ ఉద్యోగం.

నేను ఇంజనీర్‌గా పనిచేసినప్పుడు మాకు టికెట్లు వచ్చేవి. పీ1, పీ2, పీ3 అని ప్రయారిటీ ఉంటుంది. పీ1 అంటే సర్వర్ పడిపోయింది, పేమెంట్లు ఆగిపోయాయి, నిద్రలో ఉన్నా లేచి లాప్‌టాప్ తెరవాల్సిందే. పీ3 అంటే బటన్ రంగు తేడాగా ఉంది, సోమవారం చూద్దాం. ఏది పీ1, ఏది పీ3 అనేది ఎంతమందికి ఎంత నష్టం అన్నదాన్ని బట్టి పెడతారు. ఇప్పుడు ఏమైందంటే, రీట్వీట్లని బట్టి పెడుతున్నారు. పది వేల మందికి నష్టం జరుగుతున్న సమస్య ఎవరూ వీడియో తీయలేదు కాబట్టి పీ3లో కూర్చుంటుంది. ఒక్కడికి జరిగింది వైరల్ అయింది కాబట్టి సీఈఓ టేబుల్ మీదకి వస్తుంది. సోషల్ మీడియా లీడర్లని జవాబు చెప్పేలా చేసింది, నిజం. కానీ కనబడినదానికే. నాకు ఇక్కడే అనుమానం.

అదే కంపెనీ, ఇంకో కథ. 2024 మార్చి 19. గోయల్ ఎక్స్‌లో ప్రకటించాడు: శాకాహారుల కోసం ప్యూర్ వెజ్ మోడ్, దాంతోపాటు ప్యూర్ వెజ్ ఫ్లీట్. ఈ ఫ్లీట్ రైడర్లు కేవలం వెజ్ రెస్టారెంట్ల నుంచే తెస్తారు, వాళ్ళకి ఎరుపు బదులు ఆకుపచ్చ డ్రెస్, ఆకుపచ్చ బాక్స్. ఫొటోలు కూడా పెట్టాడు. వెజ్ తినేవాళ్ళు చాలామంది సంతోషించారు.

మిగతావాళ్ళు మొదలెట్టారు. బాబూ, ఆకుపచ్చ డ్రెస్ వెజ్ అయితే, ఎర్ర డ్రెస్ వేసుకున్నవాడు ఏమవుతాడు? పండగ రోజు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఎర్ర చొక్కాని ఆపేస్తే? అద్దె ఇంట్లో ఉండేవాడి గుమ్మం ముందుకి ఎర్ర బాక్స్ వస్తే ఓనర్ ఏమంటాడు? ఇల్లు అద్దెకి వెతికినవాళ్ళకి ఈ ప్రశ్న బాగా అర్థమవుతుంది. "మీరు నాన్‌వెజ్ తింటారా?" అని అడిగాకే తాళం తీసే ఓనర్లు మన దగ్గరా తక్కువేం లేరు.

మర్నాడే గోయల్ వెనక్కి తగ్గాడు. ఫ్లీట్ ఉంటుంది గానీ ఆకుపచ్చ డ్రెస్ ఉండదు, అందరూ ఎరుపే అన్నాడు. రైడర్లని సొసైటీల్లో ఆపేసే ప్రమాదం, కస్టమర్లకి ఇంటి ఓనర్లతో వచ్చే ఇబ్బంది, ఈ రెండూ తనే ఒప్పుకున్నాడు.

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. ఒకటి, సోషల్ మీడియా లేకపోతే ఈ తప్పు నెలల తరబడి రోడ్డు మీద తిరిగేది. ఎవరో ఒక రైడర్ దెబ్బలు తిన్నాక పేపర్లో వచ్చేది. ఒక్క రోజులో ఆగింది, గొప్ప విషయం. రెండోది, నాకు ముఖ్యమైనది: ఆ ప్రశ్నలు అడగడానికి ఎంబీఏ అక్కర్లేదు. రోజూ గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్‌తో మాటలు పడే పది మంది రైడర్లని కూర్చోబెట్టి "ఇలా రెండు రంగులు పెడితే ఏమవుతుంది?" అని అడిగితే, టీ అయ్యేలోపే జవాబు వచ్చేస్తుంది. మా దగ్గర కొత్త ఫీచర్ రెడీ అయితే ముందు లోపలివాళ్ళకి ఇస్తాం, తర్వాత ఒక్క శాతం యూజర్లకి, తర్వాతే అందరికీ. ఇక్కడ ఐడియాని దేశం మొత్తం మీద ఒకేసారి టెస్ట్ చేశారు. ఎర్ర చొక్కా వేసుకున్నవాడి ఒంటి మీద.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇప్పుడు రచ్చ దగ్గరే మొదలవుతోంది. రచ్చలో లైకులు వస్తే, ఇంట్లోవాళ్ళకి తర్వాత చెప్పొచ్చులే అన్నట్టు.

రైడర్ల మాట వచ్చింది కాబట్టి హైదరాబాద్ సంగతి ఒకటి చెప్పాలి. 2022లో ఇక్కడ ఒక స్విగ్గీ కస్టమర్ ఆర్డర్‌తోపాటు ముస్లిం డెలివరీ పర్సన్ వద్దు అని ఇన్‌స్ట్రక్షన్ రాశాడు. ఆ స్క్రీన్‌షాట్‌ని బయటపెట్టి, కంపెనీ ఒక స్టాండ్ తీసుకోవాలని అడిగింది ఎవరు? తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్. ఆయనకి స్విగ్గీలో కుర్చీ లేదు, కేబిన్ లేదు. చేతిలో ఫోన్ ఉంది. లీడర్‌షిప్ అనగానే మనం సూట్ వేసుకున్న ఫొటోలే చూస్తాం గానీ, ఇది కూడా లీడర్‌షిప్పే. రైడర్లకి ఆఫీసే లేదు, ఒక గది లేదు, బాస్ మొహం తెలీదు. వాళ్ళకి సోషల్ మీడియానే మీటింగ్ హాల్. ఈ మార్పుని నేను పూర్తిగా మెచ్చుకుంటాను.

ఇప్పుడు కొంచెం వెనక్కి. సీఈఓ పోస్ట్ అంటే కంపెనీ అధికారిక ప్రకటనేనా అనే గొడవ ఎప్పుడు మొదలైందో తెలుసా? మనం రోజూ చూసే నెట్‌ఫ్లిక్స్‌తో. 2012 జులైలో అప్పటి సీఈఓ రీడ్ హేస్టింగ్స్ ఫేస్‌బుక్‌లో ఒక పోస్ట్ పెట్టాడు, జూన్ నెలలో మా యూజర్లు 100 కోట్ల గంటలకి పైగా చూశారు అని. అమెరికాలో స్టాక్ మార్కెట్‌ని చూసుకునే సంస్థ, ఎస్ఈసీ, దీని మీద విచారణ పెట్టింది. ఇన్వెస్టర్లందరికీ ఒకేసారి తెలియాల్సిన సంగతి నీ ఫేస్‌బుక్ ఫాలోవర్లకి ముందు ఎలా చెప్తావు అని. చివరికి 2013 ఏప్రిల్‌లో ఒక దారి చెప్పింది: సోషల్ మీడియాలో చెప్పొచ్చు, కాకపోతే ఏ అకౌంట్‌లో చెప్తారో ఇన్వెస్టర్లకి ముందే తెలియజేయాలి.

ఆ తర్వాత ఎలాన్ మస్క్ సంగతి మీకు తెలిసిందే. 2018 ఆగస్టులో టెస్లాని ఒక్కో షేర్ 420 డాలర్లకి ప్రైవేట్ చేద్దామనుకుంటున్నా, డబ్బు రెడీ అని ట్వీట్. ఎస్ఈసీతో సెటిల్‌మెంట్‌లో మస్క్ 2 కోట్ల డాలర్లు, టెస్లా ఇంకో 2 కోట్ల డాలర్లు కట్టారు. మస్క్ ఛైర్మన్ కుర్చీ కూడా వదులుకోవాల్సి వచ్చింది.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది, కానీ చాలామంది గమనించలేదు. 2024 డిసెంబర్ 2న ఓలా ఎలక్ట్రిక్ స్టోర్ల సంఖ్య నాలుగు రెట్లు చేస్తున్నాం అని భవీష్ అగర్వాల్ ఉదయం 10 లోపే ఎక్స్‌లో పెట్టాడు. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లకి చెప్పింది మధ్యాహ్నం ఒంటి గంట దాటాక. సెబీ 2025 జనవరిలో కంపెనీకి వార్నింగ్ లెటర్ ఇచ్చింది. మూడున్నర గంటల తేడాకి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. షేర్ కొన్నవాడికి విషయం ఆలస్యంగా తెలిస్తే, నిమిషాలు లెక్కపెట్టి అడగడానికి సెబీ ఉంది. మరి అదే కంపెనీలో సర్వీస్ సెంటర్ కౌంటర్ వెనక నిలబడేవాడికి? బాస్ పొద్దున ఏం ప్రకటించాడో కస్టమర్ వచ్చి చెప్తేగానీ వాడికి తెలియకపోతే? ఆ నిమిషాలు లెక్కపెట్టేవాళ్ళు లేరు.

ఓలా గురించి ఎలాగూ మాట్లాడుతున్నాం కాబట్టి ఆ ఫేమస్ గొడవ కూడా. 2024 అక్టోబర్ 6, ఆదివారం. కమెడియన్ కునాల్ కామ్రా ఒక ఫొటో పెట్టాడు, సర్వీస్ సెంటర్ దగ్గర వరసగా ఓలా స్కూటర్లు. భవీష్ జవాబు ఏంటంటే, నీకు అంత బాధ ఉంటే వచ్చి మాకు సాయం చెయ్యి, నీ ఫెయిలైన కామెడీ కెరీర్ కంటే ఎక్కువే ఇస్తా అని. రాత్రంతా ఒకటే రచ్చ. సోమవారం షేర్ 8 శాతానికి పైగా పడింది. ఆ రోజు మార్కెట్ కూడా డల్‌గానే ఉంది, అంతకుముందే అమ్మకాలు తగ్గాయి, కాబట్టి మొత్తం ట్వీట్ ఖాతాలో వేయను. అదే సోమవారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఓలాకి షోకాజ్ నోటీస్ ఇచ్చింది. ఏడాదిలో నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి 10,000కి పైగా కంప్లైంట్లు అని.

ఆ నంబర్ చూడండి. పది వేలు. అంటే కామ్రా ఫొటో పెట్టకముందే పది వేల మంది ఫోన్ చేసి, ఫారం నింపి, కంప్లైంట్ నంబర్ తీసుకుని ఎదురుచూశారు. సీఈఓ ఎవరితో మాట్లాడాడు? లక్షల ఫాలోవర్లున్న ఒక్కడితో. అదీ పోట్లాటకి. బండి ఇచ్చి నెల రోజులు ఆటోలో ఆఫీసుకి వెళ్ళిన మామూలు మనిషి సంగతి అడక్కండి. వాడికి బ్లూ టిక్ లేదు కదా.

ఇదంతా బయటికి మాట్లాడటం గురించి. లోపల మాట్లాడింది బయటికి వస్తే? 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ వీడియో వచ్చింది కదా. మన హైదరాబాద్ మెట్రో కట్టింది ఆ ఎల్ అండ్ టీనే. ఆదివారాలు మీతో పని చేయించలేకపోతున్నందుకు బాధపడుతున్నా, ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య మొహం చూస్తారు, వారానికి 90 గంటలు పనిచేయాలి అన్న వీడియో. మీమ్స్ గురించి చెప్పక్కర్లేదు, మీరు చూసే ఉంటారు. దీపికా పదుకోణ్ ఇన్‌స్టాలో విమర్శించింది. కొన్ని రోజులకి ఆనంద్ మహీంద్రాని ఒక వేదిక మీద అడిగితే, పని గంటలు కాదు పని నాణ్యత ముఖ్యం, నా భార్యని చూడటం నాకిష్టమే అని నవ్వించాడు.

ఆ మాట తప్పే, నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ నేను ఆలోచించేది ఇంకోటి. అది ఇంటర్నల్ మీటింగ్. ఉద్యోగుల్లోంచి వచ్చిన ఒక ప్రశ్నకి జవాబు. ప్రశ్న సూటిగా ఉంది: ఇంత పెద్ద కంపెనీలో శనివారాలు ఎందుకు పనిచేయాలి? జవాబు కూడా, చెత్తదే అయినా, సూటిగా వచ్చింది. అది లీకయ్యాక దేశమంతా కంపెనీల్లో లీడర్లు ఏం నేర్చుకున్నారనుకుంటున్నారు? ఉద్యోగులతో మర్యాదగా ఆలోచించాలి అనా, కెమెరా ఉన్న చోట మనసులో మాట చెప్పకూడదు అనా?

నేను పనిచేసిన ఒక కంపెనీలో టౌన్‌హాల్ జరిగేది. మొదట్లో ఎవరైనా మైక్ అడిగి ప్రశ్న వేయొచ్చు. తర్వాత తర్వాత ప్రశ్నలు ముందే ఫారంలో పంపాలన్నారు. ఆ తర్వాత చాట్ ఆపేశారు. ఆఖరికి ఎలా అయిందంటే హెచ్ఆర్ చదివే ప్రశ్నలు, పెద్దాయన చదివే జవాబులు. "ఈ ఏడాది హైక్ ఉందా?" అని అడిగితే "మన ప్రయాణం ఇప్పుడే మొదలైంది" అని జవాబు వచ్చింది. ఏ లీక్ అయినా భయం లేదు, ఎందుకంటే లీక్ అవడానికి అందులో ఏమీ లేదు. అసలు మాటలన్నీ స్మోకింగ్ జోన్‌లోకీ వాట్సాప్‌లోకీ వెళ్ళిపోయాయి.

వాట్సాప్ అన్నాం కాబట్టి: మన ఊళ్ళల్లో లీడర్‌షిప్‌ని మార్చింది లింక్డ్‌ఇన్ కాదు, వాట్సాప్. బ్యాంక్ బ్రాంచ్‌లో ఉన్న మీ అన్నయ్యని అడగండి, మెడికల్ రెప్‌గా తిరిగే మీ ఫ్రెండ్‌ని అడగండి. పొద్దున గ్రూప్‌లో టార్గెట్ లిస్ట్. మధ్యాహ్నం ఎవరెంత చేశారో స్క్రీన్‌షాట్. సాయంత్రం లాస్ట్ వచ్చినవాళ్ళ పేర్లు ఎర్ర రంగులో, అందరి ముందు. చేసినవాడికి చప్పట్ల ఎమోజీలు. చేయనివాడికి "వై?" అని ఒక్క మాట, పక్కన క్వశ్చన్ మార్కులు మూడు. రాత్రి పదిన్నరకి మెసేజ్ వస్తే చూడకుండా ఉండలేం, చూస్తే బ్లూ టిక్. ఒకప్పుడు మేనేజర్ తిట్టాలంటే కేబిన్‌కి పిలవాలి, తలుపేయాలి, మొహం చూసి మాట్లాడాలి. మొహం చూస్తే కొంచెమైనా నోరు తగ్గుతుంది. గ్రూప్‌లో మొహం ఉండదు.

2023 జూన్‌లో కోల్‌కతాలో ఏం జరిగిందో గుర్తుందా? హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్‌లో ఒక అధికారి ఆన్‌లైన్ మీటింగ్‌లో టార్గెట్ల విషయంలో కింద ఉద్యోగుల మీద అరుస్తున్న వీడియో వైరల్ అయింది. బ్యాంక్ ఆయన్ని సస్పెండ్ చేసింది. జనం శాంతించారు. వీడియో తీసినవాళ్ళు ధైర్యవంతులు, అందులో సందేహం లేదు. ఆ అధికారి భాషకి శిక్ష పడాల్సిందే. కానీ ఒక్కసారి చైన్ పైకి వెళ్ళండి. బ్యాంకుల్లో టార్గెట్ అనేది ఏ ఒక్క మేనేజర్ బుర్రలోంచీ పుట్టదు. పైనుంచి వస్తుంది, ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ గొంతు పెరుగుతుంది. అరిచినవాడు వీడియోలో ఉన్నాడు. ఎక్సెల్ షీట్‌లో నంబర్ పెట్టినవాడు మెల్లగా, నవ్వుతూ, మంచి ఇంగ్లీషులో మాట్లాడతాడు. వాడి వీడియో వైరల్ కాదు. వాడి లింక్డ్‌ఇన్‌లో మెంటల్ హెల్త్ గురించి పోస్ట్ కూడా ఉండొచ్చు.

మెంటల్ హెల్త్ అంటే గుర్తొచ్చింది, 2024 డిసెంబర్‌లో నోయిడా స్టార్టప్ యెస్‌మేడమ్. ఉద్యోగులకి సర్వే పెట్టారు, ఎక్కువ స్ట్రెస్ ఉంది అన్నవాళ్ళని ఉద్యోగంలోంచి తీసేస్తున్నాం అని ఒక మెయిల్ స్క్రీన్‌షాట్ బయటికొచ్చింది. అందరూ తిట్టారు. తర్వాత కంపెనీ, ఎవరినీ తీసేయలేదు, ఆఫీసు స్ట్రెస్ గురించి అవగాహన కోసం ప్లాన్ చేసి చేశాం అంది. అంటే ఉద్యోగం పోతుందనే భయాన్ని కంటెంట్ చేశారు. దీనికి నా దగ్గర కామెంట్ లేదు.

సరే, ఎవరైనా దీన్ని సరిగ్గా చేశారా? మన హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ళ కథ చెప్తాను. పొగడ్త కోసం కాదు, ఆయన ఘోరంగా తప్పు మాట్లాడిన రోజు గురించి. 2014 అక్టోబర్. మైక్రోసాఫ్ట్ సీఈఓ అయి ఎనిమిది నెలలు. కంప్యూటింగ్‌లో ఉన్న మహిళల కోసం జరిగే గ్రేస్ హాపర్ సదస్సులో స్టేజ్ మీద ఒక ప్రశ్న: జీతం పెంచమని అడగడానికి ఇబ్బందిపడే ఆడవాళ్ళకి మీ సలహా ఏంటి? ఆయన జవాబు, అడగడం కాదు, సిస్టమ్ మీద నమ్మకం ఉంచండి, అడగకపోవడం మంచి కర్మ అన్నట్టు చెప్పాడు. ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగింది మైక్రోసాఫ్ట్ బోర్డు మెంబరే. ఆవిడ స్టేజ్ మీదే ఒప్పుకోనంది. హాల్ దాటేలోపు ట్విట్టర్ అంటుకుంది.

ఆయన కొన్ని గంటల్లో ట్వీట్ చేశాడు, నేను సరిగ్గా చెప్పలేకపోయాను అని. ఆ ట్వీట్ అంత గొప్పగా ఏం లేదు, సర్దుబాటులా ఉంది. కానీ అదే రోజు ఉద్యోగులందరికీ మెయిల్ రాశాడు, అందులో మాట వేరు: ఆ ప్రశ్నకి నేను పూర్తిగా తప్పు జవాబు చెప్పాను, జీతం పెంచాలి అనిపిస్తే అడగండి. బయటవాళ్ళకి చెప్పినదానికంటే లోపలివాళ్ళకి చెప్పింది సూటిగా ఉంది. మామూలుగా ఇది తిరగబడి ఉంటుంది. బయటికి కన్నీళ్ళు, లోపలికి పాలసీ డాక్యుమెంట్.

నాకు ఇంకా నచ్చింది తర్వాత జరిగింది. 2016లో మైక్రోసాఫ్ట్ ఒక లెక్క బయటపెట్టింది: అమెరికాలో ఒకే హోదా, ఒకే లెవెల్‌లో మగవాళ్ళకి ఒక డాలర్ వస్తే ఆడవాళ్ళకి 99.8 సెంట్లు అని. టెక్ కంపెనీల మీద ఇన్వెస్టర్ల ఒత్తిడి కూడా ఉంది ఆ టైంలో, అంతా నాదెళ్ళ మంచితనం అనను. ఆ లెక్కలో పెద్ద పోస్టుల్లో ఎంతమంది ఆడవాళ్ళున్నారు అనే ప్రశ్నకి జవాబు లేదు, అది కూడా నిజమే. కానీ హ్యాష్‌ట్యాగ్ చచ్చిపోయిన ఏడాదిన్నరకి, ఎవరూ అరవని రోజున, జీతాల లెక్క జనం ముందు పెట్టారు.

ఇదే నేను ఇప్పుడు ఏ లీడర్ పోస్ట్ చూసినా వెతుక్కునేది. రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ మాట ముందు ఎవరికి తెలిసింది, నాకా, వాళ్ళ ఉద్యోగులకా? ఆరు నెలల తర్వాత, ఎవరూ చూడనప్పుడు, దాని మీద ఏం చేశారు? రెండో ప్రశ్నకి జవాబు మన ఫీడ్‌లోకి రాదు. వెతకాలి. ఇంటర్వ్యూకి వెళ్తున్నవాళ్ళు సీఈఓ లింక్డ్‌ఇన్ చదివి మురిసిపోకుండా, ఆ కంపెనీ మానేసిన ఇద్దరికి ఫోన్ చేయండి. అరగంట పని.

మీలో కొంతమంది వచ్చే ఏడాదికి టీమ్ లీడ్స్ అవుతారు. కొంతమందికి సొంత బిజినెస్ ఉంది, ఇన్‌స్టాలో చీరలు అమ్మేవాళ్ళు, క్లౌడ్ కిచెన్ నడిపేవాళ్ళు మన సబ్‌స్క్రైబర్లలో చాలామంది ఉన్నారు. రేపు ఒక కస్టమర్ మీ పేజీ కింద వచ్చి "మీ డెలివరీ అబ్బాయి పొగరుగా మాట్లాడాడు" అని వీడియో పెడతాడు. వ్యూస్ పెరుగుతుంటాయి. "వాడిని తీసేశాం, సారీ సర్" అని టైప్ చేయడానికి పది సెకన్లు చాలు, జనం హార్ట్ సింబల్స్ పెడతారు. ఆ అబ్బాయికి ఫోన్ చేసి "ఏమైంది రా?" అని అడగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. "ఇప్పుడే చూశాం, మా అబ్బాయితో మాట్లాడి సాయంత్రంలోపు చెప్తాం" అని కామెంట్ పెట్టి ఆ ఐదు నిమిషాలు తీసుకోవచ్చు. వ్యూస్ కొంచెం ఎక్కువే పెరుగుతాయి, ఏం కాదు.

మీ ఆఫీసులో ఏదైనా విషయం మీకంటే ముందు సోషల్ మీడియాకి తెలిసిందా? కామెంట్‌లో రాయండి. కంపెనీ పేరు, మేనేజర్ పేరు మాత్రం రాయొద్దు, నేను నవ్వుతూ చెప్తున్నా గానీ సీరియస్సే, మీ హెచ్ఆర్ కూడా ఈ ఛానెల్ చూడొచ్చు. లాస్ట్ ఎపిసోడ్ కింద నోటీస్ పీరియడ్ గురించి చాలామంది అడిగారు, వచ్చే వారం దాని మీదే కూర్చుందాం. ఉంటాను మరి.